చక్కెర గొలుసుల మాస్ స్పెక్ట్రోమెట్రీలో పీహెచ్‌డీ చేస్తే ఎటు వెళ్తాం?

మీరు అడిగింది ఇది: ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ అయింది. రెండు ల్యాబుల్లో పీహెచ్‌డీకి అవకాశం వచ్చింది. ఒకటి ప్రోటీన్ల మాస్ స్పెక్ట్రోమెట్రీ, రెండోది సంక్లిష్ట కార్బోహైడ్రేట్ల మాస్ స్పెక్ట్రోమెట్రీ. రెండోదానిలో చేరితే పదిహేనేళ్ళ తర్వాత పరిస్థితి ఏంటి? ఎలాగూ సాఫ్ట్‌వేరే స్పెక్ట్రమ్‌లన్నీ చదివేస్తుందంటున్నారు, ఇంక మనిషికి పనేముంటుంది?

ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్నది రెండోదే కాబట్టి జవాబు కాస్త పొడుగ్గానే ఉంటుంది. మొదటిదాని గురించి నేనేం చెప్పినా పక్కింటి సంసారం గురించి చెప్పినట్టుంటుంది, అంతమేరకే తీసుకోండి.

ముందు ఒక సంఖ్య గుర్తుపెట్టుకోండి: 162.0528. గ్లూకోజ్, గాలక్టోజ్, మానోజ్, వీటిలో ఏ ఒక్కటి గొలుసులో చేరినా బరువు పెరిగేది అంతే. మాస్ స్పెక్ట్రోమీటర్ అంటే చివరికి ఒక త్రాసు. మూడు వేర్వేరు వస్తువులు ఒకే తూకం తూగితే ఆ త్రాసుకి మూడూ ఒకటే. ప్రోటీన్లలో మామూలుగా ఉండే ఇరవై అమైనో ఆమ్లాల్లో ఈ ఇబ్బంది ల్యూసిన్, ఐసోల్యూసిన్ అనే ఒక్క జంట దగ్గరే వస్తుంది. మాకు పొద్దున లేస్తే అదే పని.

అక్కడితో అయిపోదు. ఒక చక్కెర పక్కదానితో 2, 3, 4, 6 స్థానాల్లో ఎక్కడైనా కలవొచ్చు. ఆ లంకె ఆల్ఫా కావచ్చు, బీటా కావచ్చు. ఒకే చక్కెర నుంచి రెండు మూడు కొమ్మలు చీలొచ్చు. రోజర్ లేన్ అనే శాస్త్రవేత్త 1994లో కూర్చుని లెక్క కట్టాడు. ఆరు చక్కెరల గొలుసుకి సిద్ధాంతపరంగా లక్షా ఐదు వేల కోట్ల ఐసోమర్లు, అంటే వేర్వేరు అమరికలు, ఉండొచ్చని తేలింది. ఇరవై అమైనో ఆమ్లాలతో ఆరు కూర్చితే వచ్చేవి 6 కోట్ల 40 లక్షలు. డీఎన్ఏ అక్షరాలతో అయితే 4,096. జీవకణం ఇవన్నీ తయారు చేయదు, దాని దగ్గరున్న ఎంజైములు అతికించగలిగినవే అతికిస్తుంది. మా బతుకులు గడిచేది ఆ ఒక్క కారణం వల్లే. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ప్రోటీన్ వరసకి జన్యువులో అచ్చు ఉంటుంది, అనుమానం వస్తే వెళ్ళి సరిపోల్చుకోవచ్చు. చక్కెర గొలుసుకి అలాంటి అచ్చు ఎక్కడా లేదు. ఏ ఎంజైము ఎప్పుడు దొరికింది, ఎంత సేపు పనిచేసింది అన్నదాన్నిబట్టి ఒకే ప్రోటీన్ మీద ఒకే చోట పది రకాల గొలుసులు ఉంటాయి.

ఇది పనిలో ఎలా కనబడుతుందో చెప్తాను. చక్కెర గొలుసులున్న ప్రోటీన్‌ని గ్లైకోప్రోటీన్ అంటాం, ఆ గొలుసుల్ని గ్లైకాన్‌లంటాం. ఒక గ్లైకోప్రోటీన్ నుంచి గ్లైకాన్‌లను విడదీసి మాల్డీలో (శాంపిల్‌ని లేజర్‌తో ఎగరగొట్టి తూచే యంత్రంలో) పెట్టారనుకోండి. 1257.42 దగ్గర పీక్, అంటే ఆ బరువు చూపించే గీత, వచ్చింది. గొలుసుకి అతుక్కుని ఎగిరిన సోడియం బరువు 22.99 తీసేసి లెక్క వేస్తే ఐదు హెక్సోజ్‌లు (గ్లూకోజ్, గాలక్టోజ్, మానోజ్ లాంటివి), రెండు ఎన్-ఎసిటైల్ హెక్సోసమైన్‌లు (నత్రజని ఉన్న చక్కెరలు), చివరన ఒక నీటి అణువు. యంత్రం చెప్పింది ఇంతవరకే. ల్యాబులో అందరూ ఆ పీక్‌ని చూడగానే 'మ్యాన్ ఫైవ్' అంటారు. స్లైడు మీద రెండు నీలం చతురస్రాలు, వాటి మీద ఐదు ఆకుపచ్చ వృత్తాలు గీసేస్తారు. నీలం చతురస్రం అంటే ఎన్-ఎసిటైల్ గ్లూకోసమైన్, ఆకుపచ్చ వృత్తం అంటే మానోజ్. అవి మానోజ్‌లని త్రాసు చెప్పలేదు. క్షీరద కణాల్లో ఈ గొలుసు ఎలా తయారవుతుందో వేరేవాళ్ళు దశాబ్దాల పాటు తేల్చిపెట్టారు కాబట్టి ఆ రంగు వేసే హక్కు మనకి వచ్చింది. అది అప్పు తెచ్చుకున్న జ్ఞానం. తెలిసిన జీవికి ఆ అప్పు బాగానే చెల్లుతుంది. ఎవరూ చూడని బాక్టీరియా, పరాన్నజీవి, సముద్రపు నాచు ముందు పెడితే చెల్లదు.

మేం వాడే గుర్తుల పద్ధతిలో తెల్ల వృత్తం కూడా ఉంది. 'ఇది హెక్సోజ్, ఏదో మాత్రం తెలియదు' అని దానర్థం. నన్నడిగితే ఈ రంగంలో శిక్షణ అంటే ఎక్కడ రంగు వేయాలో, ఎక్కడ తెలుపు వదిలేయాలో నేర్చుకోవడమే. వినడానికి చిన్నదే. నాకు అది ఒంటబట్టడానికి ఏడెనిమిదేళ్ళు పట్టింది, రెండుసార్లు గట్టిగా ఎదురుదెబ్బ తగిలాక.

మొదటి దెబ్బ పీహెచ్‌డీ మూడో ఏట. చాలా తక్కువ మొత్తంలో దొరికిన శాంపిల్, నెలల తరబడి పోగేసినది. పర్మిథైలేషన్ చేసి స్పెక్ట్రమ్ తీశాను. పర్మిథైలేషన్ అంటే గొలుసులో ఉన్న ప్రతి స్వేచ్ఛా హైడ్రాక్సిల్‌కీ మిథైల్ తగిలించడం. సోడియం హైడ్రాక్సైడ్, డీఎంఎస్ఓ అనే ద్రావణి, మిథైల్ అయొడైడ్ కలిపి చేసే ఈ పద్ధతిని చుకాను, కెరెక్ 1984లో ప్రచురించారు. అంతకుముందు 1964 నుంచీ హకొమోరి పద్ధతి నడిచింది. పర్మిథైలేట్ చేశాక ఒక్కో హెక్సోజ్ బరువు 162 కాదు, 204.1 అవుతుంది. నా స్పెక్ట్రమ్‌లో సరిగ్గా 204 దూరంతో మెట్లు మెట్లుగా పీక్‌లు, ఒకదాని వెనక ఒకటి, పదిహేను దాకా! పొడవాటి హెక్సోజ్ గొలుసు, ఇంతవరకు ఎవరూ చెప్పనిది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గ్రూప్ మీటింగులో నిచ్చెన బొమ్మతో సహా చూపించాను. పక్క బెంచీలో పోస్ట్‌డాక్ ఒకాయన ఉండేవాడు, ఎప్పుడూ పెద్దగా మాట్లాడేవాడు కాదు. 'ఖాళీ ట్యూబు కూడా ఇలాగే చేసి చూశావా?' అన్నాడు. చేయలేదు. మర్నాడు శాంపిల్ లేకుండా నీళ్ళు మాత్రమే పెట్టి మొదటినుంచి చివరిదాకా అదంతా చేశాను. అదే నిచ్చెన. సెల్యులోజ్ ముక్కలు. ఎక్కడో ఒక ఫిల్టరు నుంచో, తుడుచుకునే కాగితం నుంచో వచ్చాయి. ప్రపంచమంతా చక్కెర పాలిమర్లతోనే నిండి ఉంది కదా. కాగితం, దూది, చెక్క, శాంపిల్ శుద్ధి చేసే సెఫడెక్స్ కాలమ్‌లోని డెక్స్‌ట్రాన్, అన్నీ హెక్సోజ్ గొలుసులే. ప్రోటీన్‌వాళ్ళకి చర్మం, జుట్టు నుంచి రాలిపడే కెరాటిన్ ఎలాంటి పీడో మాకు ఈ నిచ్చెన అలాంటిది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఏంటో ఆ రోజు తెలిసింది. ఆ ఎలుక కూడా నేను తెచ్చి వదిలిందే.

ఈ పనిలో యంత్రం ముందు కూర్చునే సమయం మీరు అనుకున్నంత ఉండదు. వారంలో ఎక్కువ భాగం బెంచీ దగ్గరే గడుస్తుంది. ఎన్-గ్లైకాన్‌లను, అంటే ప్రోటీన్‌లో ఆస్పరజిన్ మీద ఉండేవాటిని, విడదీయడానికి పీఎన్‌జీ-ఏజ్ ఎఫ్ అనే మంచి ఎంజైము ఉంది, కానీ మొక్కల గ్లైకాన్‌లలో మొదటి చక్కెర మీద ఆల్ఫా 1,3 లంకెతో ఫ్యూకోజ్ అనే చక్కెర ఉంటే అది చేతులెత్తేస్తుంది. అప్పుడు పీఎన్‌జీ-ఏజ్ ఏ వాడాలి. ఇది తెలియక 'ఈ ప్రోటీన్‌కి గ్లైకాన్‌లే లేవు' అని రాసుకున్నవాళ్ళు ఉన్నారు. సెరిన్, థ్రియోనిన్‌ల మీద ఉండే ఓ-గ్లైకాన్‌లకైతే అన్నిటినీ విడదీసే ఎంజైము ఏదీ లేదు, క్షారంతో రసాయనికంగా తెంపాల్సిందే. పర్మిథైలేషన్‌లో తేమ కొంచెం ఎక్కువైతే మిథైల్‌లు పూర్తిగా ఎక్కవు, ప్రతి పీక్ పక్కనా 14 తక్కువలో ఇంకో పీక్ మొలుస్తుంది. సల్ఫేట్ ఉన్న గ్లైకాన్‌లు ఆ తర్వాత క్లోరోఫామ్, నీళ్ళతో కడిగేటప్పుడు నీళ్ళతో పాటే పోతాయి, మనం లేవనుకుంటాం. మిథైల్ అయొడైడ్ విషపదార్థం, ఫ్యూమ్ హుడ్ బయట మూత తీయకూడదు. మీరు ఆర్గానిక్ కెమిస్ట్రీ నుంచి వస్తున్నారు కాబట్టి ఇక్కడ మీకు మొగ్గు ఉంది. నేరుగా కంప్యూటర్ వైపు నుంచి వచ్చినవాళ్ళకి ఈ భాగం దగ్గర తల ప్రాణం తోకకొస్తుంది.

ఇంత కష్టపడి మిథైల్‌లు ఎందుకంటే, మాల్డీలో గొలుసు కొసన ఉండే సియాలిక్ ఆమ్లం అనే చక్కెర ఊరికే రాలిపోతుంది. పర్మిథైలేట్ చేస్తే నిలబడుతుంది. రెండో లాభం ఇంకా ముఖ్యం. గొలుసుని యంత్రంలో విరగ్గొట్టినప్పుడు విరిగిన చోట మిథైల్ లేని మచ్చ మిగులుతుంది. ఏ ముక్కకి ఎన్ని మచ్చలున్నాయో లెక్కపెడితే అది కొస నుంచి వచ్చిందా, మధ్యలోదా, కొమ్మ చీలిన చోటా అన్నది తెలుస్తుంది. నాకు ఈ పనిలో ఇప్పటికీ అందంగా అనిపించేది ఈ మచ్చల లెక్కే.

విరగ్గొట్టడం గురించి చెప్తే ఒక కెరీర్ గురించి కూడా చెప్పినట్టవుతుంది. గ్లైకాన్ రెండు రకాలుగా విరుగుతుంది. రెండు చక్కెరల మధ్య లంకె తెగొచ్చు, లేదా ఒక చక్కెర ఉంగరమే అడ్డంగా చీలొచ్చు. లంకె తెగితే వచ్చే ముక్కల్ని బీ, సీ, వై, జడ్ అంటాం. ఉంగరం చీలితే వచ్చేవి ఏ, ఎక్స్. ఏ, బీ, సీ గొలుసు కొసవైపు ముక్కలు. ఎక్స్, వై, జడ్ రెండో చివరవి, అంటే ప్రోటీన్‌కో లిపిడ్‌కో అతుక్కున్న వైపువి. లంకె 3వ స్థానంలో ఉందా 6వ స్థానంలో ఉందా అన్నది చాలాసార్లు ఈ ఉంగరపు ముక్కలే పట్టిస్తాయి. ఈ పేర్లు పెట్టింది బ్రూనో డొమాన్, కేథరిన్ కాస్టెల్లో, 1988లో. కాస్టెల్లో అప్పటికి ఎంఐటీలో క్లాస్ బీమన్ స్థాపించిన మాస్ స్పెక్ట్రోమెట్రీ కేంద్రంలో ఏళ్ళ తరబడి పనిచేస్తున్నారు. 1994లో బోస్టన్ యూనివర్సిటీకి వెళ్ళి తన సొంత కేంద్రాన్ని మొదలుపెట్టారు. ఆ పేపరు రాసినప్పుడు వాళ్ళు వాడింది ఫాస్ట్ ఆటమ్ బంబార్డ్‌మెంట్, మైకేల్ బార్బర్ 1981లో తెచ్చిన పద్ధతి. ఆ యంత్రాలు ఇప్పుడు దాదాపు ఎక్కడా కనబడవు. వాటి తర్వాత మాల్డీ వచ్చింది, ద్రావణాన్ని విద్యుదావేశమున్న తుంపరగా చల్లే ఎలక్ట్రోస్ప్రే వచ్చింది, పెద్ద జీవాణువుల్ని తూచే పద్ధతులకి 2002లో ఫెన్, తనాకాలకి నోబెల్ వచ్చింది, ఆర్బిట్రాప్ అనే కొత్త యంత్రం వచ్చింది. ఆ అక్షరాలు మాత్రం అలాగే ఉన్నాయి. రేపు మీరు రాయబోయే మొదటి పేపరులో కూడా అవే వాడతారు.

మీ 'పదిహేనేళ్ళ తర్వాత' ప్రశ్నకి నా దృష్టిలో సగం జవాబు ఇదే. యంత్రం మీద నిపుణులైతే ఆ యంత్రంతో పాటే పాతబడతారు. ఏది ఎక్కడ ఎందుకు విరుగుతుందో తెలిస్తే కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా కొత్త పని దొరుకుతుంది. నేను చేరిన ఏడాది ల్యాబులో రాజ్యమేలిన యంత్రం ఇప్పుడు ఏ గోడౌన్‌లో ఉందో నాకు తెలియదు.

ఇంకో కెరీర్ లండన్ ఇంపీరియల్ కాలేజీలో యాన్ డెల్‌ది. పర్మిథైలేషన్‌నీ మాస్ స్పెక్ట్రోమెట్రీనీ జతచేసి అతి తక్కువ శాంపిల్ నుంచి నిర్మాణం చెప్పే పద్ధతిని దశాబ్దాల పాటు ఓపిగ్గా సానబెట్టారు. 2011లో ఆమె బృందం, సహచరులు కలిసి మనిషి అండం చుట్టూ ఉండే జోనా పెల్లూసిడా అనే పొర మీద సియాలిల్ లూయిస్ ఎక్స్ అనే చక్కెర అమరిక దండిగా ఉందని, వీర్యకణం అతుక్కోవడంలో దాని పాత్ర ఉందని చూపించారు. మానవ అండాల మీది పొర ఎంత దొరుకుతుందో ఊహించుకోండి. ముప్పై ఏళ్ళుగా చేతికి అలవాటైన పని లేకపోతే ఆ శాంపిల్‌ని ముట్టుకునే ధైర్యమే రాదు. ఈ రంగంలో పెద్ద ఫలితాలు ఇలాగే ఆలస్యంగా వస్తాయి. త్వరగా పేపర్లు కావాలనుకుంటే ప్రోటీన్ల ల్యాబే మేలు, అందులో మొహమాటం ఏమీ లేదు.

నా రెండో దెబ్బ ఈ విరగ్గొట్టడంలోనే తగిలింది. అప్పటికి నేను పోస్ట్‌డాక్. ఫ్యూకోజ్ ఉన్న ఎన్-గ్లైకాన్‌లు, ఫ్లోరసెంట్ లేబుల్ తగిలించి ఎలక్ట్రోస్ప్రేలో ప్రోటాన్‌తో విద్యుదావేశం ఎక్కించి విరగ్గొట్టాను. ఒక ముక్క స్పష్టంగా చెబుతోంది, ఫలానా కొమ్మ మీద ఫ్యూకోజ్ ఉందని. కొమ్మ కొసన గాలక్టోజ్, ఎన్-ఎసిటైల్ గ్లూకోసమైన్, ఫ్యూకోజ్ మూడూ కలిసిన ముక్క, 512.2 దగ్గర. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ముంజేతి కంకణానికి అద్దమెందుకనుకున్నాను. డ్రాఫ్టు కూడా రాసేశాను. తీరా చూస్తే ప్రోటాన్ ఎక్కిన గ్లైకాన్‌లలో ఫ్యూకోజ్ కుదురుగా ఉండదు. విరిగే ముందు ఒక చోట నుంచి లేచి ఇంకో చోట అతుక్కుంటుంది. యంత్రం లోపలే, మన కళ్ళ ముందే, శాంపిల్‌లో ఎన్నడూ లేని నిర్మాణం తయారై దాని తాలూకు పీక్ చూపిస్తుంది. ఇది 2006లోనే ప్రచురించిన విషయం, నేనే చదవలేదు. అదే గ్లైకాన్‌ని సోడియంతో ఎగిరేలా చేసినా, పర్మిథైలేట్ చేసినా ఈ గెంతులాట ఉండదు. మళ్ళీ చేస్తే ఆ ఫ్యూకోజ్ ఉన్నది కొమ్మ మీద కాదు, మొదట్లో, ప్రోటీన్‌కి అతుక్కునే వైపున్న కోర్ దగ్గర. డ్రాఫ్టు చెత్తబుట్టలోకి వెళ్ళింది. పత్రిక దాకా వెళ్ళలేదన్నదొక్కటే ఊరట. చిన్న తేడా అనుకోకండి. యాంటీబాడీ మందుల్లో 297వ స్థానంలోని ఆస్పరజిన్ మీద ఉండే గ్లైకాన్‌కి కోర్ ఫ్యూకోజ్ ఉంటే ఒక తీరు, లేకపోతే ఇంకో తీరు. అది లేని యాంటీబాడీలు రోగనిరోధక కణాల్ని లక్ష్యకణం మీదికి చాలా బలంగా ఉసిగొల్పుతాయి. కావాలనే ఫ్యూకోజ్ తీసేసి తయారు చేసే మందులు ఇప్పుడు వాడకంలో ఉన్నాయి.

రిజల్యూషన్, అంటే దగ్గరి బరువుల్ని విడదీసే శక్తి, ఎక్కువున్న యంత్రం కొంటే ఇవన్నీ పోతాయని అనేవాళ్ళుంటారు. కొన్ని పోతాయి. రెండు ఫ్యూకోజ్‌ల బరువుకీ ఒక సియాలిక్ ఆమ్లం బరువుకీ తేడా 1.02 మాత్రమే, పాత యంత్రాల్లో ఐసోటోప్ పీక్‌ల మధ్య అది కలిసిపోయేది. పొటాషియం ఎక్కిన ఫ్యూకోజ్ గ్లైకాన్, సోడియం ఎక్కిన హెక్సోజ్ గ్లైకాన్‌లా కనబడుతుంది, తేడా 0.021. ఫాస్ఫేట్‌కీ సల్ఫేట్‌కీ 0.0095. ఇవన్నీ మంచి యంత్రం విడదీస్తుంది. కానీ ఇది చూడండి. సియాలిక్ ఆమ్లాల్లో రెండు రకాలు ముఖ్యం, ఎసిటైల్ రకం 291.0954, గ్లైకోలైల్ రకం 307.0903. ఎసిటైల్ రకానికి ఒక హెక్సోజ్ కలపండి: 453.1482. గ్లైకోలైల్ రకానికి ఒక ఫ్యూకోజ్ కలపండి: 453.1482. పరమాణువుల లెక్కే ఒకటి, ఎంత డబ్బు పోసి కొన్న యంత్రమైనా తూకంతో వీటిని విడదీయలేదు. పర్మిథైలేట్ చేసినా అంతే. విరగ్గొట్టి 292 దగ్గర ముక్క వచ్చిందా, 308 దగ్గర వచ్చిందా చూడాల్సిందే. మనిషి కణాలు గ్లైకోలైల్ రకాన్ని తయారు చేయలేవు, ఆ జన్యువు మనలో ఎప్పుడో చెడిపోయింది. కాబట్టి మానవ శాంపిల్‌లో అది ఉందని సాఫ్ట్‌వేర్ రాసిస్తే ముందు సాఫ్ట్‌వేర్‌ని అనుమానించండి. ఆ తర్వాత కణాలు పెంచిన మీడియంలో పశువుల సీరమ్ ఉందేమో చూడండి.

సాఫ్ట్‌వేర్ మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. గ్లైకోపెప్టైడ్‌ల (గ్లైకాన్ అతుక్కున్న ప్రోటీన్ ముక్కల) పనిలో సాఫ్ట్‌వేర్ లేకుండా ఇప్పుడు ఎవరూ బతకలేరు, నేనూ వాడతాను. ఒక్క రన్‌లో వేల స్పెక్ట్రమ్‌లు వస్తాయి, చక్కెర ఉందని పట్టిచ్చే 204.087, 366.140 ముక్కలున్నవి ఏరి పెట్టడం మనిషి చేసే పని కాదు. 138, 144 ముక్కల నిష్పత్తి చూసి అది ఎన్-ఎసిటైల్ గ్లూకోసమైనా, ఎన్-ఎసిటైల్ గాలక్టోసమైనా అని సూచించడం కూడా అది చక్కగా చేస్తుంది. సమస్య ఎక్కడంటే, దానికి ఇచ్చిన గ్లైకాన్ల జాబితాలో ఏది ఉందో అదే దానికి దొరుకుతుంది. జాబితాలో లేనిది శాంపిల్‌లో ఉంటే దగ్గర్లో బరువు సరిపోయేదాన్ని తెచ్చి ఇస్తుంది, స్కోరుతో సహా. దానికి తెల్ల వృత్తం గీయడం రాదు, అడిగితే తప్ప. నా దగ్గర చేరే విద్యార్థులకి మొదటి మూడు నెలలు సాఫ్ట్‌వేర్ ఇవ్వను, కాగితం మీద చేత్తో స్పెక్ట్రమ్‌లు చదివిస్తాను. వాళ్ళు నన్ను తిట్టుకుంటారని తెలుసు. మెషీన్ లెర్నింగ్ వాళ్ళ మోడళ్ళు ఏడాదికేడాది మెరుగవుతున్నాయి, మంచిదే. కానీ వాటికి నేర్పడానికి కావలసిన, నిర్మాణం నిజంగా తేల్చిన స్పెక్ట్రమ్‌లు చాలా తక్కువ. వాటిని తేల్చేది బెంచీ దగ్గర కూర్చున్నవాళ్ళే.

మాస్ స్పెక్ట్రోమెట్రీ ఒక్కటే చాలదని కూడా ఒప్పుకోవాలి. 2008లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ అనే చక్కెర గొలుసు మందు ఇంజెక్షన్ల వల్ల రోగులు చనిపోయినప్పుడు అందులో అతిగా సల్ఫేట్ ఎక్కించిన కాండ్రాయిటిన్ సల్ఫేట్ కల్తీ ఉందని తేలింది. ఆ నిర్మాణం తేల్చడంలో ముందు నిలిచింది ఎన్ఎంఆర్, అయస్కాంత క్షేత్రంలో పరమాణువుల సంకేతాలు చదివే పద్ధతి. మా వాళ్ళు ఈ కథ చెప్పేటప్పుడు ఆ ముక్కని మింగేస్తారు. మీరు పీహెచ్‌డీలో ఉండగానే ఎన్ఎంఆర్ కొంచెమైనా నేర్చుకోండి. అయాన్ మొబిలిటీ కూడా. ఒకే బరువున్న ఐసోమర్లను ఆకారాన్నిబట్టి విడదీసే పద్ధతి అది, గత పదేళ్ళలో మాకు దొరికిన పెద్ద ఆసరా. తల్లిపాలలోని 2'-ఫ్యూకోసిల్ లాక్టోజ్, 3-ఫ్యూకోసిల్ లాక్టోజ్ రెండూ 488.17 తూగుతాయి. వాటిని ఇప్పుడు గ్రాఫైట్ కార్బన్ కాలమ్ మీదో అయాన్ మొబిలిటీతోనో వేరు చేసి చూడొచ్చు.

ఉద్యోగాల సంగతి. యూనివర్సిటీ పోస్టులు తక్కువ, ఏ రంగంలోనైనా ఇంతే. బయట మాత్రం బాగానే ఉన్నాయి. యాంటీబాడీ మందులు, వాటికి దాదాపు నకళ్ళైన బయోసిమిలర్‌లు తయారు చేసేవాళ్ళకి ప్రతి బ్యాచ్‌లో గ్లైకాన్‌ల వాటా ఎంతో చూపించాలి. ఆ పని తెలిసినవాళ్ళు ఎప్పుడూ తక్కువే. నాతో చదివినవాళ్ళలో సగం మంది అటే వెళ్ళారు. నాకన్నా ముందు ఇల్లు కట్టుకున్నారు కూడా. అక్కడ ఇబ్బంది ఒక్కటే, చూసిన పది గ్లైకాన్‌లనే పదేపదే చూడాలి. శిశువుల పాలపొడిలో కలిపే చిన్న చక్కెర గొలుసులైన ఆలిగోశాకరైడ్‌లు, వ్యాక్సిన్‌లలోని బాక్టీరియా పాలీశాకరైడ్‌లు, పుట్టుకతో గ్లైకోసిలేషన్ లోపాలున్న పిల్లల రోగనిర్ధారణ, యంత్రాలు తయారు చేసే కంపెనీల్లో అప్లికేషన్ పని, ఇవన్నీ ఉన్నాయి. రోగనిర్ధారణ వైపు వెళ్ళినవాళ్ళు మాత్రం పనిలో తృప్తి గురించి మాట్లాడతారు. మిగతావాళ్ళు జీతం గురించి మాట్లాడతారు.

చేరాలా వద్దా అన్నది మీరే తేల్చుకోవాలి. చేరే ముందు గైడుతో మాట్లాడటం ఒక్కటే సరిపోదు, గైడ్లు అందరూ బాగానే మాట్లాడతారు, నేనూ అంతే. ఒక పూట ఆ ల్యాబులో పర్మిథైలేషన్ చేసే విద్యార్థి పక్కన కూర్చోండి. సోడియం హైడ్రాక్సైడ్ రోట్లో నూరుతూ వాళ్ళు చెప్పే మాటలు వినండి. పాత నోటుపుస్తకాలు చూపించమనండి. పోయినేడాది వదిలేసిన ప్రాజెక్టు ఏది, ఎందుకు వదిలేశారని అడగండి. ఆ తర్వాత వాళ్ళు బాగా గర్వపడే స్పెక్ట్రమ్ ఏదో తీసి చూపించమని, దాని పక్కనే శాంపిల్ లేకుండా చేసిన ఖాళీ ట్యూబు స్పెక్ట్రమ్ కూడా చూపించమని అడగండి. రెండోది వెతకడానికి ఎంతసేపు పడుతుందో గమనించండి.